క్రిస్ సిటీ: శిలాఫలకం దాకా ఒక కథ, ఆ తర్వాత అసలు లెక్క

స్మార్ట్ సిటీ అనగానే వైఫై స్తంభాలు, సీసీ కెమెరాలు గుర్తొస్తాయి కదా. ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకునేది అది కాదు. చిల్లకూరు, కోట మండలాల్లో కట్టబోయే కృష్ణపట్నం పారిశ్రామిక నగరం, అదే క్రిస్ సిటీ. 2015లో మొదలైన వంద నగరాల స్మార్ట్ సిటీస్ మిషన్‌లో ఇది లేదు. అది ఉన్న ఊళ్లని బాగుచేసే పథకం. ఇది కొత్తగా ఊరే కట్టే పని, చెన్నై–బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో భాగం.

టైమ్‌లైన్ చూడండి. 2008 జూలైలో కృష్ణపట్నం పోర్టు ప్రారంభమైంది. తర్వాత జైకా వేసిన కారిడార్ ప్లాన్‌లో పొన్నేరి, తుమకూరుతో పాటు కృష్ణపట్నం పేరు ఎక్కింది. 2020 డిసెంబర్ 30న కేంద్ర కేబినెట్ 2,139.44 కోట్లకి ఓకే చెప్పింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగి, చిల్లకూరు నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. 2025 జనవరి 8న ప్రధాని విశాఖపట్నం నుంచి శంకుస్థాపన చేశారు. ఓకే చెప్పిన రోజు నుంచి శిలాఫలకం దాకానే నాలుగేళ్లు. ఆ డిసెంబర్‌లో బీటెక్‌లో చేరిన కుర్రాడు అప్పటికే డిగ్రీ పట్టుకుని ఉద్యోగం వెతుక్కుంటున్నాడు!

ఇది మన ఒక్కళ్ల గోలే కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యెర్ ప్రపంచవ్యాప్తంగా 16,000 పైచిలుకు ప్రాజెక్టుల లెక్క తీశాడు. అనుకున్న ఖర్చులో, అనుకున్న టైమ్‌కి పూర్తయినవి 8.5 శాతం. వాటితో పాటు చెప్పిన ప్రయోజనం కూడా ఇచ్చినవి 0.5 శాతం, అంటే వెయ్యికి ఐదు. ఆయన చెప్పే మందు సింపుల్: ప్లాన్ నిదానంగా వెయ్యి, కట్టడం గబగబా కట్టు. కట్టడం సాగేకొద్దీ ఎన్నికలు, ధరలు, తుఫాన్లు అన్నీ మధ్యలో దూరతాయి.

ఇక ప్రయోజనం సంగతి. మన తీరానికి ఒక పాత కారిడార్ ఉంది, బకింగ్‌హామ్ కాలువ. 1806లో మద్రాసు–ఎన్నూరు మధ్య మొదలై ముక్కలు ముక్కలుగా పెరిగింది. 1876–78 కరువులో కూలి పని కోసం కూడా కొంత తవ్వించారు. సరుకు పడవలు బాగానే తిరిగాయి. 1899 కల్లా బెజవాడ–మద్రాసు రైలు మార్గం వచ్చేసింది, సరుకు మెల్లగా అటు జరిగింది. కాలువ తవ్వడం ఆగిపోలేదు ఫ్రెండ్స్, దాన్ని వాడేవాళ్లు తగ్గారు. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే, రిలీజ్ అయ్యాక యూజర్ రాకపోతే ఆ కోడ్ ఎందుకు?

క్రిస్ సిటీ మొదటి దశ 2,500 ఎకరాలు. ప్రభుత్వ అంచనా 10,500 కోట్ల పెట్టుబడి, ప్రత్యక్షంగా పరోక్షంగా లక్ష ఉద్యోగాలు. చిల్లకూరు, కోట నేలలోని సిలికా ఇసుక ఏళ్లుగా లారీలెక్కి ఎక్కడో గాజుగా మారుతోంది. అందుకే రోడ్లు ఎంత వెడల్పు అని కాదు, ఎన్ని ఫ్యాక్టరీలు షట్టర్ ఎత్తాయి, వాటిలో చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ఎంతమంది జీతం తీసుకుంటున్నారు అని అడగండి. ప్రతి ఏడాదీ అడగండి. మళ్లీ కలుద్దాం!