ఆకుపచ్చ పొగ

1968 మార్చి 16 ఉదయం. దక్షిణ వియత్నాం, క్వాంగ్ న్గాయ్ ప్రావిన్స్, సన్ మీ గ్రామం. అందులో ఒక వాడకి అమెరికా సైన్యం మ్యాపుల్లో పెట్టుకున్న పేరు మై లై.

పైన తిరుగుతున్న ఒక బుల్లి హెలికాప్టర్‌లో ముగ్గురే ఉన్నారు. నడిపేది హ్యూ థాంప్సన్, 24 ఏళ్ల జార్జియా కుర్రాడు. అతనితో గ్లెన్ ఆండ్రియోటా, 18 ఏళ్ల లారీ కోల్బర్న్. చెట్ల కొసలు తగిలేంత కిందికి దిగి, దాక్కున్న గెరిల్లాలు తమ మీద కాల్చేలా కవ్వించాలి. జాడ దొరికితే గన్‌షిప్‌లు మిగతా సంగతి చూసుకుంటాయి. కాగితాల మీద దీని పేరు నిఘా. నిజానికి ఎర.

ఆ రోజు ఎర మీద ఎవరూ కాల్చలేదు. కాల్పులన్నీ కిందే, అమెరికా సైనికులవే. పొలాల్లో గాయపడి పడివున్నవాళ్లు కనిపిస్తే, సాయం అందుతుందని థాంప్సన్ వాళ్ల పక్కన ఆకుపచ్చ పొగ వేయించాడు. కాసేపటికి మళ్లీ అటు వచ్చి చూస్తే, పొగ వేసిన చోట శవాలున్నాయి.

ఇంకో చోట ఒక యువతి దగ్గర పొగ వేసి గాల్లోంచే చూస్తున్నారు. ఒక కెప్టెన్ వచ్చాడు. ఆమెని కాలితో కదిపి, వెనక్కి జరిగి, కాల్చాడు. అతను ఆ ఊళ్లోకి దిగిన చార్లీ కంపెనీకి కమాండర్ ఎర్నెస్ట్ మెడీనా. ఆమె చేతిలో గ్రెనేడ్ ఉందనుకున్నానని తర్వాత చెప్పుకున్నాడు. కోర్టు మార్షల్ నిర్దోషి అంది.

ఊరి కాలవ నిండా మనుషులు. కొందరు ఇంకా కదులుతున్నారు. థాంప్సన్ దిగి అదే కంపెనీ లెఫ్టినెంట్ విలియం కాలీని నిలదీశాడు. నీకు సంబంధం లేని విషయం, వెళ్లిపొమ్మన్నాడు కాలీ. హెలికాప్టర్ లేచీ లేవకముందే కాలవలోకి మళ్లీ తూటాలు!

ఇంతలో ముసలివాళ్లు, పిల్లలు ఒక బంకర్‌లోకి పరిగెడుతున్నారు. వెనక అమెరికా సైనికులు. థాంప్సన్ హెలికాప్టర్‌ని సరిగ్గా ఆ రెండు గుంపుల మధ్య దించాడు. వాళ్లని నేను బయటికి తీసుకొస్తాను, మనవాళ్లు కాలిస్తే మీరు మనవాళ్లనే కాల్చండి అని తన ఇద్దరికీ చెప్పాడు. 18 ఏళ్ల పిల్లవాడికి ఎలాంటి ఆజ్ఞ అది!

తుపాకీ చేతపట్టకుండా బంకర్ దాకా నడిచి, చేత్తో సైగలు చేసి ఒక్కొక్కరినీ బయటికి రప్పించాడు. దాదాపు పదిమంది. తన హెలికాప్టర్‌లో చోటు చాలదు. రేడియోలో బతిమాలి, మనుషుల్ని మోయడానికి కాని ఒక గన్‌షిప్‌ని దింపించి, రెండు విడతల్లో పంపేశాడు. ఆ తర్వాత మళ్లీ కాలవ దగ్గరికి. ఆండ్రియోటా శవాల మధ్యలోకి దిగి, నెత్తుటిలో తడిసిన ఒక పిల్లవాణ్ణి ప్రాణాలతో పైకి తెచ్చాడు.

శిబిరానికి వెళ్లి థాంప్సన్ అరిచినంత పనిచేశాక కాల్పులాపమన్న ఆజ్ఞ వెళ్లింది. 128 మంది శత్రువుల్ని చంపామని సైన్యం ప్రకటించింది. దొరికిన ఆయుధాలు మూడు. ఆ లెక్క పైవాళ్లెవరికీ వింతగా అనిపించలేదు కాబోలు. సన్ మీ స్మారకం మీద ఉన్న మృతుల పేర్లు 504.

థాంప్సన్‌కి పతకం కూడా వచ్చింది, రెండు పక్షాల కాల్పుల మధ్య చిక్కిన పిల్లవాణ్ణి కాపాడాడని. లేని రెండో పక్షాన్ని సృష్టించిన ఆ పతకాన్ని అతను పారేశాడు. ఆండ్రియోటా మూడు వారాలకే యుద్ధంలో పోయాడు.

1969 నవంబరులో విలేకరి సేమూర్ హెర్ష్ కథనంతో గుట్టు బయటపడింది. శిక్ష పడింది కాలీ ఒక్కడికే. యావజ్జీవం కాస్తా గృహనిర్బంధమై, 1974లో విడుదలయ్యాడు. థాంప్సన్‌కి మాత్రం బెదిరింపు ఫోన్లు, గుమ్మంలో చచ్చిన జంతువులు. సైన్యం ఆ ముగ్గురినీ గౌరవించింది 1998లో, ముప్పై ఏళ్లకి.

అదే ఏడాది థాంప్సన్ సన్ మీ వెళ్తే, ఆనాడు బతికి బయటపడ్డ ఒక స్త్రీ అడిగింది: కాల్చినవాళ్లు కూడా మీతో రాలేదేం? ఆ మాటకి అతను కుంగిపోయాడు. వస్తే క్షమించేవాళ్లం కదా, అందామె.

తనకి అంత మనసు లేదని, ఆ విషయంలో అబద్ధం చెప్పలేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.