పుట్టి మేలా, తెరచాప మేలా?

పడవ అంటే మన సినిమావాళ్ళకు నావే. ఓ తెరచాప, ఓ చుక్కాని, గెడ పట్టుకుని గొంతెత్తి పాడే కథానాయకుడు. 1964లో 'మూగమనసులు' వచ్చాక గోదావరి మీద పడవ నడపాలని ఉబలాటపడ్డ కుర్రాళ్ళు ఎందరో! పుట్టిలో నిలబడి ప్రేమగీతం పాడిన హీరోని మాత్రం నేనింతవరకు చూడలేదు. కష్టమే లెండి. గట్టు మీదున్న అమ్మాయిని చూస్తూ పల్లవి ఎత్తుకుంటే, చరణం వచ్చేసరికి వీపు ఆవిడవైపు ఉంటుంది.

అయితే కృష్ణ ఒడ్డున ధరూరు, గద్వాల, ఆత్మకూరు ప్రాంతాలవాళ్ళ ముందు ఈ హాస్యం చెల్లదు. వాళ్ళకి పడవంటే పుట్టే. ధరూరు మండలంలోని రేవులపల్లి పేరు చూడండి, రేవు అందులోనే ఉంది. ఇప్పుడక్కడ జూరాల ఆనకట్ట నిలబడి ఉంది గానీ, అంతకుముందు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మనుషుల్నీ మూటల్నీ దాటించింది ఆ గుండ్రటి బుట్టే.

దాని నిర్మాణం చూస్తే నవ్వొస్తుంది. వెదురు బద్దలతో పెద్ద గంప అల్లి, బయట తోలు తొడిగితే అయిపోయింది. ఈ రోజుల్లో తోలు పోయి తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి. ముందూ వెనకా లేదు, చుక్కాని లేదు, ఒక్క మేకు లేదు. సుమారు 1520లో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద వీటిని చూసి ఆశ్చర్యపోయాడు. పదిహేను ఇరవై మందిని మోస్తాయనీ, అవసరమైతే గుర్రాల్నీ ఎద్దుల్నీ ఎక్కిస్తారనీ, తిన్నగా పోవడం చేతగాక గిరగిరా తిరుగుతూనే ఉంటాయనీ రాశాడు. తిరిగే మాట నిజమే గానీ, అది సగం నిజం. తెడ్డు వేసేవాడు ముందువైపు కూర్చుని నీళ్ళను తనవైపు లాక్కుంటూ పోవాలి. చెయ్యి తిరిగినవాడి చేతిలో పుట్టి తిరగదు.

ఆ మాటకొస్తే ఇది మన ఒక్కళ్ళ సొత్తూ కాదు. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ బాబిలోను దగ్గర ఇలాంటి గుండ్రటి తోలుపడవల్ని వర్ణించాడు. ఒక్కోదాంట్లో ఓ గాడిదను కూడా ఎక్కించేవారట. ఎందుకంటారా? సరుకు అమ్ముడయ్యాక చట్రాన్ని అక్కడే అమ్మేసి, తోళ్ళు గాడిద మీద వేసుకుని నడిచి ఇంటికి పోవడానికి! ప్రవాహానికి ఎదురు ఈదలేని పడవకు ఇంతకన్నా తెలివైన ఉపాయం ఉందా?

ఇక తెరచాప పడవ సంగతి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా డెల్టా కాలువలు సాగునీటికే కాదు, రహదారికీ పనికొచ్చాయి. కొమ్మమూరు కాలువ, దాని తర్వాత బకింగ్‌హాం కాలువ పట్టుకుని ధాన్యం పడవలు మద్రాసు దాకా వెళ్ళేవి. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగే మనుషులు. వంటా వార్పూ పడవలోనే, నిద్రా అందులోనే. కాపురానికి పనికొచ్చే పడవ అంటే అదే. పుట్టిలో ఆ సుఖం లేదు. కాకపోతే ఒడ్డుకు తెచ్చి బోర్లిస్తే వాన తలదాచుకోవచ్చు. సొంత కప్పు నెత్తిన పెట్టుకుని తిరిగే పడవ ఇంకోటి చెప్పండి!

మరి అంత సౌకర్యమైన తెరచాప పడవ ధరూరు వైపుకి ఎందుకు రాలేదు? వద్దామని చూడకపోలేదు. 1863లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీవాళ్ళు గద్వాలకు దక్షిణాన తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు-కడప కాలువ తవ్వడం మొదలుపెట్టారు. సేద్యంతోపాటు పడవల రాకపోకలూ వాళ్ళ లెక్కలో ఉన్నాయి. లెక్క తప్పింది. లాభం రాలేదు, 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొనేసింది. ఈలోగా 1871లోనే కృష్ణ దాటి రైలు రాయచూరు చేరింది. రైలుతో పోటీకి కాలువ పడవ ఏం నిలుస్తుంది?

ఇంకా అది కాలువ. కృష్ణ నడి పాయలో అయితే తెరచాప మాటే ఎత్తకూడదు. ఇక్కడ నది అడుగంతా బండలు. ఎండాకాలం మోకాలి లోతు, వానాకాలం సముద్రం. చెక్కపడవ బండకు తగిలితే పగులుతుంది, పుట్టి తగిలితే వంగి, జారుకుంటుంది. జానెడు నీళ్ళున్నా తేలుతుంది, నీళ్ళే లేకపోతే నెత్తిన పెట్టుకుని నడవచ్చు. నన్నడిగితే ఈ నదికి పుట్టే మేలు. పందేలంటారా, అవి హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ మీద చూసుకోండి. అక్కడ 'లేజర్' అనే ఒంటి మనిషి తెరచాప పడవలు, పద్నాలుగు అడుగులు కూడా లేనివి, ఎదురుగాలిలో సైతం వంకరటింకరగా ముందుకే పోతాయి. ఆ విద్య పుట్టికి ఏ జన్మలోనూ రాదు.

కానీ 'పుట్టి మునిగింది' అన్న మాట మన భాషలోకి ఊరికే రాలేదు. రాయచూరు యుద్ధంలో, అదే 1520లో, ఓడి వెనక్కి పరుగెత్తిన ఆదిల్‌షా సైన్యంలో ఎంతమంది కత్తికి పోయారో ఎంతమంది కృష్ణలో పోయారో చెప్పడం కష్టం. సుల్తాను సైన్యానికే అంత గతి పడితే, మందుల కోసం గద్వాల బయల్దేరిన పల్లెటూరి మనిషి మాటేమిటి?

గుర్రంగడ్డ సంగతే తీసుకోండి. గద్వాల మండలంలో నాలుగు వైపులా కృష్ణ ఉన్న లంక గ్రామం అది. బియ్యం, ఎరువు, పెళ్ళివారు, పురిటి మనిషి, అందరూ తరతరాలుగా దాటింది పుట్టిలోనే. ఎగువన జూరాల గేట్లు ఎత్తారని తెలిస్తే పుట్టి గట్టెక్కాలి, ఊరు లంకలోనే ఉండిపోవాలి. అలాంటి రోజున ఆ ఊరి తల్లికి పడవ ఏదన్నది పట్టదు. జ్వరంతో ఉన్న బిడ్డను భుజాన వేసుకుని, నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయా అని గట్టు మీద నిలబడి చూస్తుంది. అందుకే ఆ ఊరివాళ్ళు దశాబ్దాల తరబడి వంతెన కోసం అర్జీలు పెట్టుకుంటూ వచ్చారు.