జలసమాధిలో పరిరక్షణ: ‘ఎస్.ఎస్. యునైటెడ్ స్టేట్స్’ నౌక చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అట్లాంటిక్ మహాసముద్రాన్ని అత్యంత వేగంగా దాటిన ప్రయాణికుల నౌకగా ఎస్.ఎస్. యునైటెడ్ స్టేట్స్ 1952లో ప్రసిద్ధి పొందింది. దానిని ఫ్లోరిడా తీరంలో ముంచి, చేపలకు ఆవాసమయ్యే కృత్రిమ రీఫ్‌గా మార్చాలని 2024లో నిర్ణయించారు. ఈ పరిణామానికి దారితీసిన చారిత్రక కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నౌకాచరిత్ర, వారసత్వ పరిరక్షణ, కృత్రిమ రీఫ్, అట్లాంటిక్ ప్రయాణాలు.

1. నిర్మాణం – ప్రయోజనం:
విలియం ఫ్రాన్సిస్ గిబ్స్ రూపకల్పన చేసిన ఈ నౌకను వర్జీనియా రాష్ట్రంలోని న్యూపోర్ట్ న్యూస్‌లో నిర్మించారు. పొడవు 990 అడుగులు. నిర్మాణవ్యయంలో అధికభాగాన్ని అమెరికా ప్రభుత్వమే భరించింది. యుద్ధం వస్తే సుమారు 14,000 మంది సైనికులను తరలించే నౌకగా దీనిని మార్చుకోవచ్చుననేది అందుకు కారణం. వేగం, అగ్నిభద్రత అనే రెండు లక్షణాలూ ఈ సైనికావసరం నుంచే వచ్చాయి. కలపను దాదాపు పూర్తిగా పరిహరించి, పై అంతస్తులను అల్యూమినియంతో కట్టారు. లోపల ఆస్‌బెస్టాస్‌ను విరివిగా వాడారు. 1952 జులైలో తొలి ప్రయాణంలోనే 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో అట్లాంటిక్‌ను దాటి, అంతకుముందు ‘క్వీన్ మేరీ’ నెలకొల్పిన రికార్డును 10 గంటల తేడాతో అధిగమించింది.

2. క్షీణదశ:
1958లో అట్లాంటిక్ మీదుగా జెట్ విమానాలు మొదలైన తరువాత నౌకాప్రయాణికులు తగ్గిపోయారు. 1969లో ఈ నౌక సేవలు నిలిచిపోయాయి. 1984లో లోపలి సామగ్రిని వేలం వేశారు. 1990ల్లో నౌకను సెవాస్తపోల్‌కు తీసుకువెళ్ళి ఆస్‌బెస్టాస్‌ను తొలగించారు. ఒకనాడు నిప్పు నుంచి కాపాడిన పదార్థమే తరువాత ప్రమాదకరమైనదిగా తేలింది. దానితోపాటు లోపలి గదుల రూపం కూడా పోయింది. మ్యూజియంగా మార్చదలచినవారికి చివరికి మిగిలింది ఖాళీ ఓడ మాత్రమే.

3. గుర్తింపు – బాధ్యత:
1996 నుంచి 2025 ఫిబ్రవరి వరకు నౌక ఫిలడెల్ఫియా రేవులో ఉండేది. 1999లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. అయితే ఆ జాబితా గౌరవాన్ని ఇస్తుందే గాని, నిర్వహణకు నిధిని గాని, నిలిపేందుకు చోటును గాని ఇవ్వదు. 2011లో ఒక పరిరక్షణ సంస్థ నౌకను కొనుగోలు చేసింది. రేవు అద్దె రెట్టింపు కావడంతో వివాదం న్యాయస్థానానికి చేరింది. పెంచిన అద్దె చెల్లనక్కరలేదని చెప్పిన న్యాయస్థానమే, 2024 జూన్‌లో, 90 రోజుల్లో రేవును ఖాళీ చేయాలని ఆదేశించింది. అంత పెద్ద నౌకకు మరో రేవు దొరకలేదు. మిగిలిన మార్గాలు రెండే: తుక్కుగా విడగొట్టడం, సముద్రంలో ముంచడం.

4. రీఫ్‌గా పరివర్తన:
ఫ్లోరిడాలోని ఒకలూసా కౌంటీ నౌకను తీసుకుంది. 2025 ఫిబ్రవరిలో టగ్ పడవలు దానిని లాగుతూ బయలుదేరి, మార్చి ఆరంభానికి అలబామాలోని మొబైల్ రేవుకు చేర్చాయి. ముంచడానికి ముందు ఇంధన అవశేషాలు, విషపదార్థాలు తొలగించాలి. ఇసుక నేలపై గట్టి ఉపరితలం ఏర్పడితే సముద్రజీవులు దానిని పట్టుకొని పెరుగుతాయి, చేపలు చేరతాయి. 2006లో పెన్సకోలా సమీపంలో ముంచిన ‘ఒరిస్కనీ’ విమానవాహక నౌక ఇందుకు పూర్వోదాహరణ. నౌక చరిత్రను తెలిపే మ్యూజియాన్ని తీరంపై ఏర్పాటు చేయాలన్నది కూడా ఈ ప్రణాళికలో భాగమే.

5. ముగింపు:
ముంచడాన్ని విధ్వంసమని గాని, పరిరక్షణ అని గాని ఏకపక్షంగా చెప్పలేం. ఆకృతి నిలుస్తుంది, కాని దానిని చూడగలిగేది ఈతగాళ్ళే. రాజ్యం తన అవసరం కోసం నిర్మించిన వస్తువు, ఆ అవసరం తీరాక ప్రజల జ్ఞాపకంగా మాత్రమే మిగిలింది. ఆ జ్ఞాపకాన్ని మోసే భారం కొద్దిమంది అభిమానులపై పడింది. వారసత్వ సంపద నిలిచేది గుర్తింపుతో మాత్రమే కాదని, దానికి చోటు, నిధి, బాధ్యత వహించే వ్యవస్థ కావాలని ఈ నౌక చరిత్ర నిరూపిస్తున్నది.