పైలట్ కావాలంటే ఏం చదవాలి?

రేవులో మెరైన్ విభాగం గుమాస్తాగా చేసినవాణ్ని కాబట్టి, మనవళ్ల కోసం ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. జవాబుకు ముందు కొంచెం పాత కథ.

ఓడ నడిపించుకొచ్చిన కెప్టెన్‌కు మన రేవు నీటి అడుగున ఏముందో తెలియదు. అది తెలిసినవాడు పైలట్. అందుకే 1908 నాటి ఇండియన్ పోర్ట్స్ చట్టం, 31వ సెక్షన్ వర్తించే రేవుల్లో 200 టన్నులు, ఆపై ఓడ పైలట్ గానీ హార్బరు మాస్టరు గానీ లేకుండా కదలరాదంది.

మన దేశంలో ఈ కొలువుకు పేరు తెచ్చింది హుగ్లీ నది. ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దంలోనే అక్కడ పైలట్లను తయారుచేయడం మొదలుపెట్టింది. కలకత్తా దాకా 200 కిలోమీటర్లకు పైగా దారి, చోటు మారే ఇసుక మేటలు. 1694లో 'రాయల్ జేమ్స్ అండ్ మేరీ' మునిగిన మేటకు ఆ ఓడ పేరే నిలిచిపోయింది. తర్వాతి కాలంలో ఇంగ్లండులోని కాన్వే, వూస్టర్ శిక్షణ నౌకల నుంచి కుర్రవాళ్లను తెచ్చేవారు. తాడుకు కట్టిన సీసపు గుండును నీళ్లలోకి విసిరి, లోతెంతో కేకవేసి చెప్పడం వాళ్ల తొలి పాఠం. గుండు అడుగున కొవ్వు పూసేవారు. దానికి అంటుకొచ్చింది బురదో ఇసుకో చూసి కింద నేల ఎలాంటిదో చెప్పేవారు!

మన పిల్లలు ఓడల అధికారులు కావడానికి 1927లో బొంబాయిలో 'డఫరిన్' శిక్షణ నౌక వచ్చింది. విశాఖ రేవు 1933లో తెరుచుకుంది. మా నాన్నగారు అక్కడ లాంచీ సరంగు. పైలట్లను ఓడల దగ్గరికి చేర్చేది ఆయనే. ఏ గాలికి నీరు ఎటు లాగుతుందో కొత్త పైలట్లు ఆయన్నే అడిగేవారు. ఆయన చదివింది ఐదో తరగతి. నిబంధన తప్పనను, పెద్ద ఓడను తిప్పడం లాంచీ నడపడం లాంటిది కాదు. కానీ ఆ పరీక్షల దాకా వెళ్లే దారి ఒకటుందని మాలాంటి ఇళ్లలో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు పెద్ద రేవులు సాధారణంగా మాస్టర్ (ఫారిన్ గోయింగ్) సర్టిఫికెట్ అడుగుతాయి. అంటే ఇంటర్‌లో లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు, తర్వాత నాటికల్ సైన్స్, ఓడల మీద ఏళ్ల సర్వీసు, మధ్యలో సెకండ్ మేట్, ఫస్ట్ మేట్ పరీక్షలు. రంగులు పోల్చలేని కళ్లయితే లాభం లేదు. ఫీజు కట్టకముందే డాక్టరుకు చూపించండి. రేవులో చేరాక సీనియర్ వెంట రాత్రీ పగలూ ఓడలెక్కాలి, స్థానిక పరీక్ష నెగ్గాలి. మొదట చిన్న ఓడలే అప్పగిస్తారు.

మనవరాళ్లున్నవారికీ ఒక మాట. చెన్నై అమ్మాయి రేష్మా నిలోఫర్ 2018లో అదే హుగ్లీ మీద పైలట్ అయింది.