గీతకీ యాస ఉంది

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని సామెత. మరి నోరే పెగలని ఊళ్ళో బతకవలసివస్తే? దానికీ మనవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. డ్రాయింగు నేర్చుకోమన్నారు. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగి, గల్ఫ్ దేశాల్లో ఇళ్ళూ రోడ్లూ రేవులూ జోరుగా లేవడం మొదలయ్యాక, ఐ.టి.ఐ.లో రెండేళ్ళు డ్రాఫ్ట్స్‌మన్ చదువు వెలగబెట్టిన కుర్రాడికి ఇంట్లోవాళ్ళు చెప్పే ధైర్యం ఒకటే: "నీకేం భయంరా! నువ్వు మాట్లాడక్కర్లేదు, గీస్తే చాలు. గీతకి భాషేమిటి?"

వినడానికి ఎంత బాగుందో చూడండి. సంగీతానికి భాష లేదంటాం, పసిపాప నవ్వుకి భాష లేదంటాం, ఆ వరసలోనే గీతనీ చేర్చేశాం. కాని గీత చరిత్ర కాస్త తిరగేస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. గీతకీ దేశం ఉంది, యాస ఉంది. ఒక దేశపు గీత మరో దేశంలో అర్థం కావాలంటే ఎవరో ఒక మనిషి ఇల్లూ వాకిలీ వదిలిపెట్టి, ఆ పరాయి ఊళ్ళో వెళ్ళి కూర్చోవలసివచ్చింది. అప్పుడూ అంతే, కంప్యూటరొచ్చిన తరవాతా అంతే.

ఇంజనీర్లు వేసే ఈ బొమ్మల విద్యకి శాస్త్రం కట్టినవాడు ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడు గాస్పార్ మోంజ్. పొడవూ వెడల్పూ ఎత్తూ ఉన్న వస్తువుని చదునైన కాగితం మీదికి తప్పులేకుండా దింపడం ఎలాగో చెప్పాడాయన. కోటగోడల లెక్కలకి పనికొచ్చే విద్య గనక కొన్నేళ్ళపాటు దాన్ని సైన్యం రహస్యంగా దాచుకుంది. 1795లో గాని ఆయన దాన్ని నలుగురి ముందూ పాఠంగా చెప్పలేకపోయాడు.

ఆ విద్యని అమెరికా తీసుకువెళ్ళినవాళ్ళలో ముఖ్యుడు క్లాడియస్ క్రోజే. నెపోలియన్ సైన్యంలో పనిచేసి, రష్యా దండయాత్రలో పట్టుబడి, అక్కడ బందీగా గడిపి వచ్చినవాడు. రాజు ఓడిపోయాక స్వదేశంలో బతుకుతెరువు సన్నగిల్లింది. 1816లో వెస్ట్‌పాయింట్ సైనిక విద్యాలయంలో పంతులుగా కుదిరాడు. ఎదురుగా అమెరికా కుర్రాళ్ళు. అతనికి వచ్చింది ఫ్రెంచి. చెప్పవలసిన పాఠానికి ఇంగ్లీషులో పుస్తకమే లేదు. అందుకని నల్లబల్ల పెట్టించి, సుద్దముక్కతో గీస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

"అదిగో, గీస్తే సరిపోయింది గదా!" అంటారు మీరు. కాస్త ఆగండి. నల్లబల్ల మీది గీతలతోనే సరిపోయి ఉంటే ఆ మహానుభావుడు 1821లో కూర్చుని అదే విషయం మీద ఇంగ్లీషులో పుస్తకం ఎందుకు రాస్తాడు? నల్లబల్ల అతనికి ఊపిరి తీసుకోవడానికి వ్యవధి ఇచ్చింది, అంతే. ఆ వ్యవధిలో మాట నేర్చుకున్నాడు. తరవాత వర్జీనియాలో నీలి కొండల కింద రైలు సొరంగం వేయించాడు. కొండకి రెండు పక్కల నుంచీ తవ్వుకుంటూ వచ్చి 1856లో మధ్యలో కలిశారు. తవ్వినవాళ్ళలో చాలామంది ఐర్లండ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీలు. గీసినవాడూ పరదేశి, తవ్వినవాళ్ళూ పరదేశులు, రైలు మాత్రం అమెరికావారిది.

ఇక గీత యాస సంగతి. ఒక బల్లని ముందు నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒక బొమ్మ, పై నుంచి చూస్తే ఎలా ఉంటుందో మరో బొమ్మ వేస్తారు. ఈ రెండో బొమ్మని కాగితం మీద ఎక్కడ పెట్టాలి? యూరప్ పద్ధతిలో కింద పెడతారు. అమెరికా పద్ధతిలో పైన పెడతారు. మన పాలిటెక్నిక్‌లలో ఇప్పుడు నేర్పేది యూరప్ పద్ధతే. ఇక్కడ నేర్చుకుని అక్కడికి వెళ్ళినవాడు అలవాటు కొద్దీ చూస్తే పైది కిందా, కుడిది ఎడమా అవుతుంది. ఇందుకోసమే బొమ్మ మూల ఒక చిన్న గుర్తు వేస్తారు. కొన తెగిన శంఖువు లాంటిది. ఆ గుర్తు చూసుకోకుండా సామాను కోశారో, గూట్లో పట్టవలసిన ముక్క గూటికి తిరగబడుతుంది. దానికి తోడు వాళ్ళవి అడుగులూ అంగుళాలూ, మనవి మిల్లీమీటర్లు. ఇప్పుడు చెప్పండి, గీతకి యాస లేదా?

కంప్యూటర్ వస్తే ఈ బాధలన్నీ తీరుతాయనుకున్నారు. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ అనే పాతికేళ్ళయినా నిండని యువకుడు 'స్కెచ్‌ప్యాడ్' అనే ప్రోగ్రాం రాశాడు. గదంత కంప్యూటర్ ముందు కూర్చుని, అద్దం మీద వెలుతురు కలంతో గీస్తే గీత పడింది. వంకరగా గీసినా, తిన్నగా ఉండమంటే తిన్నగా అయింది. అతని తండ్రిది న్యూజిలాండ్, తల్లిది స్కాట్లండ్. పరదేశం వచ్చి కాపురం పెట్టినవాళ్ళ బిడ్డడన్నమాట. 1982 చివరికి ఆటోకాడ్ వచ్చి, బల్ల మీద పట్టే చిన్న కంప్యూటర్ మీద ఆ పనంతా జరిగేటట్టు చేసింది. టీ-స్క్వేరూ, ఇండియన్ ఇంకూ, తప్పుపోతే బ్లేడుతో గోకడం అన్నీ క్రమంగా అటకెక్కాయి.

ఆ రోజుల్లోనే మరో పరదేశి కథ నడుస్తోంది. శామ్యూల్ గైస్‌బర్గ్ లెనిన్‌గ్రాడ్‌లో గణితం పాఠాలు చెప్పినవాడు. 1974లో సోవియట్ దేశం వదిలి అమెరికా చేరాడు. కంప్యూటర్ డ్రాయింగు కంపెనీలలో ఉద్యోగం చేస్తూ ఒక ఆలోచన చెప్పాడు. అది మనకి బాగా తెలిసిన భాషలో చెప్పుకుందాం. జాకెట్టు కొలతల్లో ఛాతీ ఒక అంగుళం పెంచారనుకోండి. చంక, చెయ్యి, వీపు అన్నీ ఆ మేరకి సర్దుకోవాలి. మంచి టైలరు చెప్పకుండానే సర్దుతాడు. కాని అప్పటి కంప్యూటర్ బొమ్మలకి ఆ తెలివి లేదు. ఒక్క కొలత మారిస్తే మిగిలినవన్నీ కూర్చుని మళ్ళీ చేతితో మార్చుకోవలసిందే. గైస్‌బర్గ్ అన్నది, కొలతల మధ్య చుట్టరికాన్ని కూడా కంప్యూటర్‌కి చెప్పేద్దాం, ఒకటి మారితే మిగతావి వాటంతటవే మారతాయి అని. పనిచేస్తున్న చోట ఎవరూ చెవిని పెట్టలేదు. 1985లో సొంతంగా కంపెనీ పెట్టి, రెండు మూడేళ్ళలో 'ప్రో-ఇంజనీర్' అనే ప్రోగ్రాంని బజారులోకి తెచ్చాడు. నేడు యంత్రభాగాలు గీసే పెద్ద ప్రోగ్రాములన్నీ ఆ పద్ధతినే పాటిస్తున్నాయి. ఒక చోటి నుంచి వేళ్ళతో సహా లేచివచ్చి, మరో చోట ప్రతిదీ సర్దుకున్న మనిషికే ఆ ఆలోచన తట్టడంలో నాకేమీ ఆశ్చర్యం లేదు. ఇది చరిత్రకారులు ఒప్పుకునే మాట కాదు, నవలలు రాసేదాని మాట. అలాగే తీసుకోండి.

సరే, కంప్యూటర్ వచ్చింది. గీతకి యాస పోయిందా? పోలేదు సరిగదా, కొత్తగా నోరొచ్చింది. ఇంగ్లీషు ఆటోకాడ్‌లో వృత్తం గియ్యాలంటే 'సర్కిల్' అని కొట్టాలి. జర్మను దాంట్లో 'క్రైస్' అనాలి. ఫ్రెంచి దాంట్లో 'సెర్కల్' అనాలి. హైదరాబాదులో ఏ అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్‌లోనో నేర్చుకుని, కళ్ళు మూసుకుని కొట్టగల కుర్రాడు జర్మనీలో ఆఫీసుకి వెళ్ళి 'సర్కిల్' అంటే అది తెల్లమొహం వేస్తుంది. అక్కడి కీబోర్డు మీద వై, జెడ్ అక్షరాలు ఒకదాని స్థానంలో ఒకటి ఉంటాయి. అన్నిటికంటె చిక్కు కామా దగ్గర. జర్మన్లు రెండున్నరని రాసేటప్పుడు మనం చుక్క పెట్టేచోట కామా పెడతారు. డ్రాయింగు ప్రోగ్రాంలో రెండు కామా అయిదు అంటే రెండున్నర కాదు, అడ్డంగా రెండు, నిలువుగా అయిదు. ఎదుటి బల్ల జర్మను ఇంజనీరు కాగితం మీద రాసిచ్చిన కొలతని మనవాడు ప్రతిసారీ మనసులో ఒకసారి అనువదించుకోవాలి.

దీనికీ ఒక దయగల ఏర్పాటు ఉంది లెండి. ఇంగ్లీషు మాటకి ముందు అండర్‌స్కోర్, అంటే ఒక అడుగుగీత, చేర్చి కొడితే ఏ దేశపు ఆటోకాడ్ అయినా అర్థం చేసుకుంటుంది. పరాయి ఊళ్ళో తెలిసినవాళ్ళు రాసిచ్చిన ఉత్తరం ముక్క లాంటిదా గీత. కాని ఆ ఉత్తరం కంప్యూటర్ దగ్గర చెల్లుతుంది గాని, మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర చెల్లదు. కష్టం, సుఖం చెప్పుకునేచోట అడుగుగీతలు పనికిరావు.

ఒక్క మనిషి సంగతి అలా ఉంచండి. మహామహా దేశాలే ఈ యాస దగ్గర బోర్లాపడ్డాయి. యూరప్ దేశాలు కలిసి రెండంతస్తుల ఎయిర్‌బస్ ఎ-380 విమానం కట్టాయి. ఒక్కొక్క విమానంలో దాదాపు 530 కిలోమీటర్ల విద్యుత్తు తీగ. ముందూ వెనకా భాగాలు జర్మనీలోని హాంబర్గ్‌లో తయారై, ఫ్రాన్సులోని తులూజ్‌లో కలవాలి. రెండుచోట్లా వాడింది 'కాటియా' అనే ఒకే ప్రోగ్రామే. కాకపోతే జర్మన్లది పాత నాలుగో రకం, ఫ్రెంచివాళ్ళది కొత్తగా మొదటి నుంచి రాసిన అయిదో రకం. ఒక దాని బొమ్మ రెండో దాంట్లోకి పూర్తిగా దిగలేదు. తీరా తులూజ్ వచ్చాక చూస్తే, చాలాచోట్ల తీగలు చేరవలసిన చోటికి చేరకుండా పొట్టిగా మిగిలాయి.

అప్పుడేం చేశారు? కంప్యూటర్లతో పని కాలేదు. మనుషులనే పంపారు. వందలమంది జర్మను పనివాళ్ళు సామాను సర్దుకుని తులూజ్ వచ్చి, నెలల తరబడి అక్కడే ఉండి, విమానం పొట్టలో దూరి చేత్తో తీగలు లాగి మళ్ళీ కలిపారు. భాష రానిచోట, భార్యాబిడ్డలకి దూరంగా, తమదొక్కరిదే కాని తప్పుని దిద్దుతూ. 2006లో ఆ కంపెనీ పెద్దల పదవులే పోయాయి. అనుకున్నదానికి ఏడాదిన్నర పైచిలుకు ఆలస్యంగా, 2007 అక్టోబరులో మొదటి విమానాన్ని సింగపూర్ వారికి అప్పగించారు. పొరుగుపొరుగున ఉన్న రెండు సంపన్న దేశాల మధ్యే గీత ఇంత కథ నడిపితే, కరీంనగర్ నుంచి కువైట్ వెళ్ళిన మన కుర్రాడి గీత మాటేమిటి?

అతని గురించి చరిత్రలో పేజీలు లేవు. డ్రాయింగు కింద కుడిమూల ఒక పట్టీ ఉంటుంది. గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు అని గళ్ళు. గీసినవారి గడిలో రెండు మూడు పొడి అక్షరాలు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది గదా, అక్కడివాళ్ళు అదే అసలు పేరనుకుని ఇంటిపేరుతోనే పిలుస్తారు. అమ్మ పెట్టిన పేరు పాస్‌పోర్టులో నిద్రపోతుంది. ఇతను గీసిన పడకగదుల్లో ఎవరెవరో నిద్రపోతారు. దుబాయిలో కొన్ని ప్రాంతాల్లో విదేశీయులు ఇల్లు కొనుక్కోవచ్చన్నది 2002లో. అంతకుముందు పాతికేళ్ళపాటు గీసినవాడికి తను గీసిన ఇల్లు కొనుక్కునే వీల్లేదు. వీలొచ్చాక కొనే తాహతు లేదు. 1990 ఆగస్టులో ఇరాక్ సేనలు కువైట్‌లోకి చొరబడ్డప్పుడు 1,70,000 మందికి పైగా భారతీయులని విమానాల్లో వెనక్కి తెచ్చారు. వాళ్ళలో సగం గీసిన గీతని బల్లమీదే వదిలి, కట్టుబట్టలతో లేచివచ్చినవాళ్ళూ ఉండే ఉంటారు.

ఇప్పుడు పనే మన దగ్గరికి వస్తోంది గదా అంటారు. నిజమే. 1991లో హైదరాబాదులో మొదలైన ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ లాంటి సంస్థలు కాగితం పటాలని కంప్యూటర్‌లోకి ఎక్కించడంతో ఆరంభించి, విమానం ఇంజన్ల భాగాల దాకా వెళ్ళాయి. ఇల్లు కదలకుండానే పరదేశానికి గీసిపెట్టవచ్చు. కాని ఇలాంటి పని చేసే సంస్థలు ఇక్కడ పదిమందిని కూర్చోబెట్టినా, అక్కడ ఒకరిద్దరిని ఉంచడం మామూలు. ఎందుకంటే "ఈ గోడ ఇక్కడెందుకు?" అన్న ప్రశ్నకి జవాబు గీతలో ఉండదు, ఆ ఊళ్ళో ఉంటుంది. వానెలా కురుస్తుందో, మంచెంత పేరుకుంటుందో, వంటింట్లో ఎవరు నిలబడతారో చూసివచ్చి చెప్పే మనిషి కావాలి.

అందుకని మీ ఇంటి కుర్రాడో, కాదు, ఈ రోజుల్లో అమ్మాయో, గీసే ఉద్యోగానికి పైదేశం బయల్దేరుతుంటే "గీస్తే చాలు" అని పంపకండి. ఆవకాయ జాడీతో పాటు ఆ దేశపు మాటలు ఓ వంద నేర్చుకు వెళ్ళమనండి. గీత అతనికి అన్నం పెడుతుంది, సందేహం లేదు. కాని "ఇవాళ నాకు ఒంట్లో బాగాలేదు" అని చెప్పుకోవడానికి మాత్రం మాటే కావాలి.