హెస్సే గారింటి పుడ్డింగు కరగలేదు

కల్చర్ టెస్ట్ అనే మాట మనలో చాలామంది వినే ఉంటాం. యూరిన్ ఇన్‌ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ వస్తుంటే డాక్టర్లు రాసిస్తారు. రిపోర్టు మాత్రం రెండు మూడు రోజులకి గానీ రాదు. ఆ రోజుల్లో ల్యాబులో ఏం చేస్తారా అని చదవడం మొదలుపెట్టి, చివరికి నేను ఒక వంటింట్లో తేలాను. అదీ 140 ఏళ్ళ కిందటి జర్మన్ వంటింట్లో!

ముందు అసలు చిక్కేమిటో చెప్పాలి. ఒక చుక్క నీళ్ళలో రకరకాల బ్యాక్టీరియా కలిసి ఉంటాయి. మాంసం ఉడికించిన రసంలో వేసి పెంచితే అన్నీ కలగలిసే పెరుగుతాయి. బియ్యంలో మినుములు కలిస్తే చేటలో పోసి ఏరుకుంటాం. కంటికి కనపడని వాటిని ఎలా ఏరడం? గట్టిగా ఉన్న ఆహారం మీద పెంచడమే దానికి ఉపాయం. అక్కడ పడిన క్రిమి ఎటూ కొట్టుకుపోదు. పడిన చోటే ఒకటి రెండై, రెండు నాలుగై, ఒకటి రెండు రోజుల్లో చిన్న చుక్కలా పైకి కనిపిస్తుంది. దాన్ని కాలనీ అంటారు. ఒక చుక్క అంటే ఒకే రకం అన్నమాట.

బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ మొదట ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద పెంచారు. కానీ చాలా క్రిములకి అది సరిపడలేదు. తర్వాత మాంసరసంలో జెలటిన్ కలిపి గడ్డకట్టించారు. రోగాలు తెచ్చే క్రిములకి మన ఒంటి వేడి, అంటే 37 డిగ్రీలు కావాలి. ఆ వేడికి జెలటిన్ నీరైపోతుంది. పైగా కొన్ని బ్యాక్టీరియా జెలటిన్‌నే తిని కరిగించేస్తాయి.

వాల్టర్ హెస్సే అనే డాక్టరు 1881లో కాక్ దగ్గర పని నేర్చుకోవడానికి చేరారు. ఆయన గాలిలోని సూక్ష్మజీవుల మీద పని చేసేవారు. ఎండాకాలంలో ఆయన జెలటిన్ కూడా కరిగిపోయేది. భార్య ఫానీ ఏంజెలీనా, ఇంట్లోవాళ్ళకి లీనా, ఆయనకి పనిలో సాయం చేసేది, మైక్రోస్కోపులో కనిపించే వాటికి బొమ్మలు కూడా వేసిపెట్టేది. నీ జెల్లీలు, పుడ్డింగులు ఇంత ఎండలోనూ ఎలా నిలబడుతున్నాయని ఆయన అడిగారట. అగర్-అగర్ వేస్తానని ఆవిడ చెప్పింది. ఆవిడ పుట్టింది 1850లో, అమెరికాలో. న్యూయార్క్‌లో ఉండగా, జావాలో కాపురం చేసి వచ్చిన డచ్ వాళ్ళ దగ్గర ఈ సంగతి నేర్చుకుంది. సముద్రపు నాచు నుంచి తీసేది. మన కొట్లలో చైనా గ్రాస్ పేరుతో దొరికేది ఇదే.

దీని గుణం చూడండి. కరగాలంటే 85 డిగ్రీలు దాటాలి, చల్లారితే 40కి దిగువన గడ్డకడుతుంది. మళ్ళీ 37 డిగ్రీల్లో రోజుల తరబడి ఉంచినా చెక్కుచెదరదు. దీన్ని తినగలిగే బ్యాక్టీరియా చాలా తక్కువ. ఇంతకంటే ఏం కావాలి? లీటరుకి 15 గ్రాములు వేస్తే చాలు.

ఇప్పటికీ పని అదే. అగర్ పోసిన ప్లేటు మీద, మంటలో ఎర్రగా కాల్చి చల్లార్చిన తీగతో నమూనాని గీతలు గీతలుగా పాముతారు. ముగ్గు చివర పిండి తగ్గి గీత సన్నబడినట్టు, చివరి గీతల్లో క్రిములు దూరం దూరంగా పడతాయి. మర్నాడు అక్కడ విడివిడి చుక్కలు లేస్తాయి. వాటిలో ఒకదాన్ని గాజు పలక మీద పూసి గ్రామ్ పద్ధతిలో రంగు వేస్తే ఊదాగానో, గులాబీగానో కనిపిస్తుంది. ఇదంతా చదివాక రిపోర్టు ఆలస్యమైందని విసుక్కోవడం మానేశాను.

కాక్ 1882లో క్షయ క్రిమిని కనిపెట్టినట్టు ప్రకటించినప్పుడు దాన్ని ముఖ్యంగా గడ్డకట్టించిన సీరం మీద పెంచారు. ఆ వ్యాసంలో అగర్‌ని కూడా ఒక్క ముక్కలో ప్రస్తావించారు. అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో మాత్రం రాయలేదు. 1887లో మూతగల గాజు పళ్ళెం తెచ్చిన పెట్రి పేరు పళ్ళానికి నిలిచిపోయింది. పళ్ళెం గుర్తుంది, అందులో పోసింది ఇచ్చినావిడ గుర్తులేదు! నాకు ఇక్కడే ఒళ్ళు మండింది.

హెస్సే కుటుంబానికి దీనివల్ల పైసా రాలేదు. ఆవిడ 1934లో పోయింది. 1939లో హిచెన్స్, లైకిండ్ అనే ఇద్దరు ఈ కథంతా ఒక శాస్త్ర పత్రికలో రాసి, మామూలు అగర్ మీడియానికి 'ఫ్రౌ హెస్సే మీడియం' అని పేరు పెడదామన్నారు. ఫ్రౌ అంటే జర్మన్‌లో శ్రీమతి. ఆ పేరు వాడుకలోకి రాలేదు. ల్యాబుల్లో ఇప్పటికీ అగర్ ప్లేటు అనే అంటారు.