సూడోకోలినెస్టరేజ్ లోపం

సూడోకోలినెస్టరేజ్ లోపం తల్లిదండ్రుల నుండి సంక్రమించే ఒక ఎంజైము లోపం. దీనినే బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ లోపం అని కూడా అంటారు. ప్రపంచంలో అరుదైన ఈ లోపం తెలుగు ప్రాంతాల ఆర్యవైశ్యులలో ఎక్కువగా కనిపిస్తుంది. ముప్పును ముందే తెలుసుకొనే జన్యు పరీక్షల మంచిచెడ్డలకు ఇది తెలుగునాట చక్కని ఉదాహరణ.

స్వభావం

ఈ ఎంజైము కాలేయంలో తయారై రక్తంలో కలుస్తుంది. శస్త్రచికిత్సకు ముందు శ్వాసగొట్టం అమర్చడానికి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ అనే మందును వాడుతుంటారు. మామూలుగా ఈ ఎంజైము ఆ మందును కొద్ది నిమిషాలలోనే విచ్ఛిన్నం చేస్తుంది. తీవ్ర లోపమున్నవారిలో మాత్రం దాని ప్రభావం గంటల తరబడి నిలిచి, ఊపిరి తీసే కండరాలు సైతం పనిచేయవు. తిరిగి శ్వాస వచ్చేవరకు వెంటిలేటరుపై ఉంచితే రోగి కోలుకుంటాడు. ఆ సదుపాయం లేనిచోట ప్రాణాపాయం. మైవక్యూరియంతోనూ ఇదే ఇబ్బంది. విచిత్రమేమంటే, ఇటువంటి మందులు ఇవ్వనంతవరకు లోపమున్న సంగతి ఆ మనిషికే తెలియదు.

జన్యు కారణం

సంబంధిత జన్యువు 3వ క్రోమోజోముపై ఉంది. వైశ్యులలో కనుగొన్న మార్పు వలన ఎంజైములో 307వ స్థానాన ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ చేరుతుంది. తల్లి నుండి, తండ్రి నుండి కూడా ఈ మార్పు వస్తేనే లోపం తీవ్రమవుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న ఒక పరిశోధన 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వెలువడింది. ఈ లోపం వైశ్యులలో ఇతరులకంటే సుమారు 100 రెట్లు ఎక్కువని అందులో పేర్కొన్నారు. కొద్దిమంది పూర్వీకుల నుండి విస్తరించిన సమూహంలో తరతరాలుగా లోపలే వివాహాలు జరగడం ఇందుకు మూలం. సగోత్ర వివాహ నిషేధం దీనిని ఆపలేదు. వేరు గోత్రాలవారిలోనూ అదే మార్పు ఉండవచ్చు.

పరీక్ష వలన లాభనష్టాలు

హంటింగ్టన్ వ్యాధి వంటి వాటిలో ముప్పు ముందే తెలిసినా వ్యాధిని ఆపే మందు లేదు. ఇక్కడ అలా కాదు. ఫలితాన్ని మత్తు వైద్యునికి చెబితే చాలు, రోక్యూరోనియం వంటి వేరే మందు వాడతారు. ఎంజైము స్థాయిని మామూలు రక్తపరీక్షతోనే కొలవవచ్చు. అయితే కాలేయ వ్యాధులలో, గర్భిణులలో, కొన్ని పురుగుమందుల విషప్రభావంలో కూడా ఆ స్థాయి తగ్గుతుంది కనుక జన్యు పరీక్ష అవసరమవుతుంది. ఒకరిలో తీవ్ర లోపం బయటపడితే తోబుట్టువులకూ పరీక్ష చేయించడం మేలు.

పరిమితులూ ఉన్నాయి. ఈ ఒక్క మార్పు కోసమే వెదికే పరీక్షలో ఏమీ తేలకపోయినా, అదే జన్యువులోని ఇతర మార్పులు లేవని చెప్పలేము. ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవారికి సాధారణంగా పెద్ద ఇబ్బంది ఉండదు. అయినా పెళ్ళి సంబంధాల వేళ వారిని రోగులుగా చూసే ప్రమాదముంది. అమెరికాలో 2008 నాటి చట్టం ఆరోగ్య బీమాలోను, ఉద్యోగాలలోను జన్యు వివక్షను నిషేధించింది గాని జీవిత బీమాకు వర్తించదు. కులాన్ని బట్టి లోపాన్ని నిర్ధారించడమూ పొరపాటే. వైశ్యులలో అత్యధికులకు ఈ లోపం లేదు, ఇతరులలోనూ ఇది ఉండవచ్చు.